రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా పైసా తీసుకోని రీసెర్చ్ జర్నల్ పెట్టాలంటే

అడిగిన ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో వేర్వేరు డిగ్రీ కాలేజీల అధ్యాపకులు అయిదుగురు కలిసి తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాలకు ఆన్‌లైన్‌లో ఆర్నెల్లకోసారి వచ్చే జర్నల్ పెడదామనుకుంటున్నారు. వేసినందుకు రచయిత దగ్గర, చదివినందుకు పాఠకుడి దగ్గర ఏమీ తీసుకోరు. జర్నల్ నడిపే సాఫ్ట్‌వేర్ ఓజేఎస్ ఎలా పెట్టుకోవాలి, జర్నల్ గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ ఎలా వస్తుంది, ఏడాదికి ఎంతవుతుంది, డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత లింకు సంఖ్య) ఖర్చు కింద మాత్రం వ్యాసానికి 500 రూపాయలు తీసుకోవచ్చా అని అడిగారు.

చివరిదానికి ముందు జవాబు చెబుతాను. తీసుకోకండి. డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్‌లో కొత్త వ్యాసానికి డీఓఐ నమోదు ఖర్చు 1 డాలరు. 500 అని రాయగానే అది డీఓఐ ఖర్చు కాదని తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. పైగా ఓపెన్ యాక్సెస్, అంటే అందరూ ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా అయిన డీఓఏజేలో నమోదుకు వెళ్లినప్పుడు రచయితల నుంచి ఏ పేరుతో ఎంత తీసుకుంటున్నా చెప్పాలి. ప్రాసెసింగ్ ఫీజు, సర్టిఫికెట్ ఫీజు, డీఓఐ ఫీజు, పేరు ఏదైనా సరే, ఒక్క రూపాయి తీసుకున్నా ‘డైమండ్’ (రచయితా పాఠకుడూ ఏమీ కట్టనక్కర్లేని జర్నళ్లు) కోవలోంచి బయటికొచ్చినట్టే. హైదరాబాద్ చిరునామా ఉన్న జర్నల్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇక్కడి నుంచి నడిచిన ఒమిక్స్ గ్రూపుపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. పీర్ రివ్యూ, అంటే తోటి పరిశోధకుల పరిశీలన సరిగా లేదని, ఫీజుల సంగతి ముందు చెప్పరని, ఎడిటర్ల పేర్ల విషయంలో తప్పుదోవ పట్టించారని అందులో ఆరోపణలు. ఆ వార్త చదివిన బయటి రివ్యూయర్ మీ ఈమెయిల్ చూసి ఒక క్షణం అనుమానపడతారు. ఆ అనుమానం పోవాలంటే ఫీజుల పేజీలో ‘రచయితలు ఏ దశలోనూ ఏమీ చెల్లించనక్కరలేదు’ అని సూటిగా ఉండాలి, నిజంగానే అలా జరగాలి.

ఇలాంటి జర్నళ్లు ఆగిపోయేది డబ్బు లేక అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆయన బదిలీ అయిపోతారు. లేదా మొదటి సంచికలో 20 వ్యాసాలు వేసి, రెండో సంచికకు ఓపిక లేక వదిలేస్తారు. అందుకే సాఫ్ట్‌వేర్ కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి: జర్నల్ ఎవరిది, ఏడాదికి ఎన్ని వ్యాసాలు.

ఎవరిది అంటే, పబ్లిషర్ అన్న గడిలో ఏ పేరు రాస్తారన్నమాట. ఐఎస్‌ఎస్‌ఎన్ దరఖాస్తులో, క్రాస్‌రెఫ్ సభ్యత్వంలో, డీఓఏజేలో మూడుచోట్లా ఒకే పేరు, ఒకే చిరునామా ఉండాలి. ఒక కాలేజీ పేరు పెట్టుకుంటే వాళ్ల డొమైన్ కింద ఉపడొమైన్ ఉచితంగా దొరుకుతుంది, సర్వర్ కూడా దొరకవచ్చు. కానీ ప్రిన్సిపాల్ మారినా, కాలేజీ వెబ్‌సైటు చేసే ఏజెన్సీ మారినా ఆ ఉపడొమైన్ ఒక రాత్రిలో మాయమవుతుంది, పాత లింకులన్నీ చచ్చిపోతాయి. మీరు అయిదు కాలేజీలవాళ్లు కాబట్టి సొసైటీ రిజిస్టర్ చేసుకోవడమే మేలు. తెలంగాణలో దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, అంటే మరో ఇద్దర్ని కలుపుకోవాలి. డొమైన్ సొసైటీ పేరున కొనండి. రెన్యువల్ హెచ్చరికలు వెళ్లే ఈమెయిల్ ఒకరి సొంత మెయిల్ కాకుండా ముగ్గురు చూసే మెయిల్ అయి ఉండాలి. గడువు దాటిన జర్నల్ డొమైన్లను కొని, అదే పేరు, అదే ఐఎస్‌ఎస్‌ఎన్ పెట్టుకుని డబ్బులకు పేపర్లు వేసేవాళ్లున్నారు. కాబట్టి ఒకేసారి అయిదేళ్లకో పదేళ్లకో కట్టేయండి.

వ్యాసాల సంఖ్య దగ్గర మొహమాటం వద్దు. సంచికకు ఆరు, ఏడాదికి పన్నెండు చాలు. ఆరు మంచి వ్యాసాలు వేయాలంటే పాతిక దాకా రావాలి. వాటిలో సగం మొదటి చూపులోనే తిరిగి వెళ్తాయి. మిగతా ఒక్కోదానికి ఇద్దరు రివ్యూయర్లు దొరకాలంటే నలుగురైదుగురిని అడగాల్సి వస్తుంది. మూడు వారాల గడువు ఇస్తే చాలామంది ఆరు వారాలకు పంపుతారు. ఈ లెక్కన అయిదుగురు ఎడిటర్లు కాలేజీ పని చూసుకుంటూ మోయగలిగేది ఆరే. సంచికకు పన్నెండు అనుకుంటే రివ్యూ పలచబడుతుంది.

ఇక్కడే తెలుగు రాష్ట్రాల్లో అందరికీ ఎదురయ్యే ప్రలోభం ఒకటుంది. ఏదో ఒక కాలేజీవాళ్లు రెండు రోజుల సెమినార్ పెట్టి, ‘మీ జర్నల్ ప్రత్యేక సంచికగా 60 పేపర్లు వేయండి, ప్రింటింగ్ ఖర్చు మేమిస్తాం’ అంటారు. అలాంటిది ఒక్కటి ఒప్పుకున్నా చాలు, ఆ 60 పేపర్లకు రివ్యూ ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు అన్న ప్రశ్నకు ఎప్పటికీ జవాబు ఉండదు. సెమినార్ నుంచి మంచి పేపర్లు వస్తే మామూలు దారిలోనే సమర్పించమనండి. అలాగే ‘థీసిస్ సబ్మిషన్ ఉంది, ముందు యాక్సెప్టెన్స్ లెటర్ ఇవ్వండి’ అని ఒత్తిడి వస్తుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో జర్నల్‌లో పేపరు తప్పనిసరి అన్న షరతు తీసేశారు. అయినా కొన్ని విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమం కింద అడుగుతాయి. రివ్యూ కాకుండా ఆ లెటర్ ఇవ్వకూడదు, ఎవరి సిఫార్సు ఉన్నా సరే.

ఎడిటోరియల్ బోర్డులో కనీసం అయిదుగురు ఉండాలని, అందరూ ఒకే సంస్థవాళ్లు కాకూడదని డీఓఏజే చూస్తుంది. హైదరాబాద్‌లో ఇది కష్టం కాదు. ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూ, తెలుగు విశ్వవిద్యాలయం అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. కానీ అందరూ ఊళ్లోవాళ్లే అయితే రచయిత ఎవరో రివ్యూయర్‌కు తెలియకూడదన్న గుట్టు నిలవదు. తెలుగు సాహిత్య పరిశోధనలో రెండు పేజీలు చదవగానే ఇది ఫలానా వారి శైలి అని చెప్పేయగలరు. వరంగల్, తిరుపతి, విశాఖ, బెంగళూరు, మద్రాసు వైపు నుంచి రివ్యూయర్లను ముందే కూర్చుకోండి. పేరు తీసేశామని రచయితలు అనుకుంటారు గానీ, వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో పేరు ఉంటుంది, ఫుట్‌నోట్‌లో ‘చూ. నా గ్రంథం’ అని ఉంటుంది. రివ్యూకి పంపేముందు ఈ రెండూ చూడాలి.

బోర్డు సభ్యుల వ్యాసాల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. ఒక సంచికలో ఎడిటర్లు, బోర్డు సభ్యులు, రివ్యూయర్లు రచయితలుగా ఉన్న పరిశోధన వ్యాసాలు 25 శాతం మించకూడదు. డీఓఏజే తాజా రెండు సంచికలూ చూస్తుంది. ఆరు వ్యాసాల సంచికలో రెండు ఉన్నాయంటే 33 శాతం, దాటిపోయినట్టే. అంటే ఒకటి మించకూడదు. మొదటి సంచికకు వ్యాసాలు రాక ఎడిటర్లే తలా ఒకటి రాసేయడం మామూలు. అదే తర్వాత అడ్డం తిరుగుతుంది.

ఇక తెలుగు పాఠం సంగతి. ఇంగ్లిష్ గైడ్లు చదివి జర్నల్ పెట్టేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, కనుక కాస్త వివరంగా చెబుతాను.

మీకు వచ్చే వ్యాసాల్లో సగం అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్లుగా వస్తాయి. రచయిత చేత్తో రాసి చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో డీటీపీ చేయించి ఉంటారు. అను ఫాంటులో కంటికి కనిపించేది తెలుగే గానీ, ఫైలు లోపల ఉన్నది ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులు. దాన్ని పీడీఎఫ్ చేసి పెడితే గూగుల్‌కు, గూగుల్ స్కాలర్‌కు, ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌కు అర్థం లేని అక్షరాల ముద్ద కనిపిస్తుంది. ప్లేజరిజం రిపోర్టు 0 శాతం వస్తుంది, అందరూ సంతోషిస్తారు, అసలు చదవనేలేదని ఎవరికీ తట్టదు. కాబట్టి యూనికోడ్‌లో మాత్రమే తీసుకుంటామని మొదటి రోజే రాసిపెట్టండి. రచయితలు మరీ పెద్దవాళ్లయితే కన్వర్టరుతో మీరే మార్చండి, కానీ మార్చిన ప్రతి పేజీ మనిషి చదవాలి. కన్వర్టరు మొత్తం పాఠాన్ని అను అనుకుంటుంది. మధ్యలో వచ్చిన ఇంగ్లిష్ పేర్లు, రిఫరెన్సులు, సంవత్సరాలు విచిత్రమైన తెలుగు అక్షరాలైపోతాయి. ఒత్తులు పక్క అక్షరానికి జారతాయి. రిఫరెన్సుల జాబితాను కన్వర్టరుకు ఇవ్వకుండా విడిగా టైపు చేయించడమే నయం.

యూనికోడ్ అయినంత మాత్రాన పీడీఎఫ్ సరిగ్గా వస్తుందని కాదు. తెలుగు సంయుక్తాక్షరాలకు ఫాంటులో విడి ఆకారాలుంటాయి. పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆ ఆకారం వెనక ఏ అక్షరాలున్నాయో రాసిపెట్టకపోతే, ‘ప్రభుత్వం’ కాపీ చేసి పేస్ట్ చేస్తే ర వత్తు ఎగిరిపోతుంది, లేదా గడులు పడతాయి. పరీక్ష తేలిక: తయారైన పీడీఎఫ్‌లోంచి ఒక పేరా మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. చదవగలిగేలా వస్తే సరే. లేకపోతే లిబ్రేఆఫీస్‌లో ట్యాగ్డ్ పీడీఎఫ్ ఎంపికతో ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఏం చేసినా పీడీఎఫ్‌లో కొంత నష్టం మిగులుతూనే ఉంటుంది. అందుకే తెలుగు వ్యాసానికి పీడీఎఫ్ పక్కనే హెచ్‌టీఎంఎల్ కూడా పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. వెతుకులాటలో దొరికేది, ఫోన్‌లో హాయిగా చదువుకోగలిగేది అదే. ఫాంట్ల కొరత లేదు. మండలి, ఎన్‌టీఆర్, రామరాజ, సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు అన్నీ ఉచితంగా వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి.

కంటికి కనిపించని చిక్కు ఇంకొకటుంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ఒత్తు పడకుండా టైపు చేసేవాళ్లు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు వేస్తారు. అది ఒకచోట ఉండి మరోచోట లేకపోతే కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు. కీవర్డుల్లో, రచయితల పేర్లలో ఇది ఉంటే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. ‘హైదరాబాద్’ అని ఒకరు, ‘హైదరాబాదు’ అని ఒకరు రాయడమూ అంతే. కీవర్డులకు మీ సొంత పట్టిక ఒకటి తయారుచేసుకుని, కాపీఎడిటింగ్‌లో దాని ప్రకారం సరిచేయండి.

పేర్ల గోల మరోటి. ఓజేఎస్ సొంత పేరు, ఇంటిపేరు విడివిడిగా అడుగుతుంది. ‘కె. వెంకటరమణ’ అని ఉంటే కొందరు రచయితలు ‘వెంకటరమణ’ను ఇంటిపేరు గడిలో వేస్తారు, మరోసారి ‘కె’ను వేస్తారు. గూగుల్ స్కాలర్‌లో ఒక్క మనిషి ఇద్దరైపోతారు. ప్రతి రచయితా ఆర్కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు నంబరు తీసుకోవాలని నియమం పెట్టండి, అది వ్యక్తులకు ఉచితం. అందులో పేరు ఎలా ఉందో జర్నల్‌లోనూ ఇంగ్లిష్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. శీర్షిక, సారాంశం, కీవర్డులు తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ తప్పనిసరి చేయండి. తెలుగు రిఫరెన్సులకు రోమన్ లిపిలో కూడా రూపం ఇస్తే సైటేషన్లు కలిసే అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు ఓజేఎస్. పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్టువాళ్లది, ఉచితం. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సవరణలు అందేది) అని ఉన్న వెర్షనే పెట్టుకోండి. కొత్తది వచ్చిందని ప్రతిసారీ పరుగెత్తొద్దు. సెక్యూరిటీ సవరణలు మాత్రం వచ్చిన వారంలో వేయాలి. 2 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (అద్దెకు దొరికే సర్వర్) చాలు. డేటాబేస్‌ను యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల సెట్టింగులో తయారుచేయండి. లాటిన్ సెట్టింగులో చేస్తే తెలుగు శీర్షికలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, తర్వాత తిరిగి తేవడం నరకం.

ఎక్కువమంది చేసే తప్పు ఫైల్స్ డైరెక్టరీ విషయంలో. రచయితలు అప్‌లోడ్ చేసే ఫైళ్లు పడే ఈ ఫోల్డరు వెబ్ ఫోల్డరు బయట ఉండాలి. లోపల పెడితే, ఎవరో రచయితగా రిజిస్టరై వ్యాసం బదులు పీహెచ్‌పీ ఫైలు అప్‌లోడ్ చేసి, దాన్ని బ్రౌజర్ నుంచి నడిపిస్తారు. ఆ తర్వాత మీ జర్నల్ పేరు గూగుల్‌లో వెతికితే జూదం సైట్ల ప్రకటనలు వస్తాయి. కాలేజీ జర్నళ్లకు ఇది తరచూ జరిగేదే. దీంతోపాటు రిజిస్ట్రేషన్‌కు రీక్యాప్చా, ఈమెయిల్ ధ్రువీకరణ పెట్టండి. రిజిస్టరయ్యేవాళ్లు తమంతట తాము రివ్యూయర్ పాత్ర తీసుకునే వీలు తీసేయండి. లేకపోతే నెలలో వేలకొద్దీ దొంగ ఖాతాలు చేరతాయి.

రెండో తప్పు ఈమెయిల్. సర్వర్ నుంచి నేరుగా వెళ్లే మెయిల్ జీమెయిల్‌లో స్పామ్‌లో పడుతుంది. ‘రివ్యూయర్లు స్పందించడం లేదు’ అని బాధపడే ఎడిటర్లలో కొందరికి అసలు సమస్య, వాళ్ల మెయిల్ చేరకపోవడమే. ఎస్‌ఎంటీపీ (మెయిల్ సర్వీసు ద్వారా పంపే పద్ధతి) పెట్టి, మెయిల్ మీదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు డొమైన్‌కు చేర్చి, మీకు మీరే జీమెయిల్‌కు ఒకటి, యాహూకు ఒకటి పంపి చూసుకోండి. ఎవరికైనా ముఖ్యమైన రివ్యూ పంపితే వాట్సాప్‌లో ఒక మాట చెప్పడంలో తప్పులేదు. రివ్యూ మాత్రం సైటులోనే జరగాలి, రికార్డు ఉండేది అక్కడే.

బ్యాకప్ అంటే నాలుగు: డేటాబేస్, ఫైల్స్ డైరెక్టరీ, పబ్లిక్ ఫోల్డరు, కాన్ఫిగ్ ఫైలు. డేటాబేస్ ఒక్కటే తీసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. అందులో వ్యాసాల వివరాలుంటాయి గానీ వ్యాసాలుండవు. వారానికోసారి వేరే చోటికి వెళ్లేలా పెట్టి, ఏడాదికి ఒకసారైనా దాంతో ఖాళీ సర్వర్ మీద సైటు నిలబెట్టి చూడండి. అప్‌గ్రేడ్ కూడా ముందు ఆ నకలు మీదే చేయాలి.

సర్వర్ చూసుకునే మనిషి లేడనుకుంటే సొంతంగా పెట్టకండి. గాంధీనగర్‌లోని విశ్వవిద్యాలయ లైబ్రరీల నెట్‌వర్క్ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు ఓజస్ అనే వేదిక ఉంది, విశ్వవిద్యాలయాల జర్నళ్లను ఓజేఎస్ మీద నడిపేందుకు పెట్టింది. మీ బోర్డులోని ఏదైనా విశ్వవిద్యాలయ శాఖ ద్వారా అడిగి చూడండి. నేపాల్‌లో నేప్‌జోల్, బంగ్లాదేశ్‌లో బంగ్లాజోల్ 2007 నుంచి ఇదే పద్ధతి, పదుల కొద్దీ జర్నళ్లకు కలిపి ఒకే సర్వర్. బ్రెజిల్‌లో మొదలైన సైలో కూడా ఉమ్మడి వేదికగానే ఎదిగింది. ఒక్కో చిన్న జర్నల్ విడిగా సర్వర్ మోయడం అసలు అవసరం లేని శ్రమ.

ఐఎస్‌ఎస్‌ఎన్ మన దేశంలో ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ నిస్పర్‌లో ఉన్న జాతీయ కేంద్రం ఉచితంగా ఇస్తుంది. ఏజెంటుకు ఇచ్చే డబ్బు దండగ. ఇది గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. ఆన్‌లైన్ జర్నల్‌కు ముందుగా కనీసం అయిదు వ్యాసాలతో మొదటి సంచిక వెలువడి ఉండాలి, ఆ తర్వాతే దరఖాస్తు. సైటులో జర్నల్ పేరు, పబ్లిషర్ పేరు, పూర్తి చిరునామా, ఎడిటర్, ఎన్ని నెలలకోసారి వస్తుంది అన్నవి స్పష్టంగా ఉండాలి. తిరిగి వచ్చే దరఖాస్తుల్లో చాలావాటిలో లోపం ఇదే, బ్యానర్‌లో ఒక పేరు, సంచిక పీడీఎఫ్‌లో ఇంకో పేరు. తెలుగు పేరును రోమన్‌లో ఎలా రాస్తారో ఒకసారి ఖాయం చేసుకుని మార్చకండి. పేరు చెప్పుకోదగ్గంతగా మారితే కొత్త ఐఎస్‌ఎస్‌ఎన్ కావాలి. ప్రింటు వేస్తే దానికి విడిగా మరొకటి. పేరులో ‘ఇంటర్నేషనల్’ పెట్టకండి, ఈ రోజుల్లో అది అనుమానానికే పనికొస్తుంది.

ప్రెస్ రిజిస్ట్రేషన్ గురించి భయం కూడా కొందరికి ఉంది. 2024 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టంలో పీరియాడికల్ నిర్వచనంలోంచి పరిశోధన జర్నళ్లను మినహాయించారు, కనుక ఆ భయం అక్కర్లేదు.

డీఓఐ మొదటి సంచికకే అక్కర్లేదు. కానీ మొదలుపెడితే సరిగ్గా చేయాలి. క్రాస్‌రెఫ్ వార్షిక సభ్యత్వం, అతి చిన్న సంస్థలకు 200 డాలర్లు, ఆపైన 275. పేద దేశాలకు ఫీజు మాఫీ చేసే జెమ్ పథకం 2023లో పెట్టారు; అందులో నేపాల్, బంగ్లాదేశ్ ఉన్నాయి, మనం లేము. సొసైటీ ఖాతా నుంచి డాలర్లలో కట్టడానికి బ్యాంకు కాగితాలు అడుగుతుంది, నెల ముందే మొదలుపెట్టండి. స్పాన్సర్ సంస్థ ద్వారా చేరితే రూపాయల్లో కట్టే వీలుంటుంది, ఆ స్పాన్సర్ క్రాస్‌రెఫ్ జాబితాలో ఉన్నారో లేదో చూసుకోండి. పీడీఎఫ్ మీద డీఓఐ అచ్చువేసి, నమోదు మాత్రం చేయకుండా వదిలేయడం ఇక్కడి జర్నళ్లలో పదేపదే కనిపించే లోపం. క్లిక్ చేస్తే ‘దొరకలేదు’ అని వస్తుంది. సంచిక వేసిన రోజే ప్రతి డీఓఐ నొక్కి చూడాలి. సైటు చిరునామా మారితే క్రాస్‌రెఫ్‌లో కొత్త లింకులు ఇవ్వాలి, అది మీ బాధ్యత. పరిశోధన ఫైళ్లు దాచుకునే సైటు జెనోడో ఉచితంగా డీఓఐ ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది, డబ్బు బొత్తిగా లేకపోతే ఏమీ లేనిదానికంటే నయం. కానీ అది డేటాసైట్ అనే వేరే సంస్థ డీఓఐ, క్రాస్‌రెఫ్ సైటేషన్ లెక్కల్లో మీ జర్నల్‌గా కనిపించదు.

లైసెన్సు సీసీ బై 4.0 (రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనేది) పెట్టండి, కాపీరైటు రచయితకే ఉంచండి. వేసే హక్కును జర్నల్‌కు రాతపూర్వకంగా ఇస్తున్నట్టు ఒక పేజీ ఒప్పందం తీసుకుంటే చాలు. లైసెన్సు పేరు ప్రతి వ్యాసం పేజీ మీద, పీడీఎఫ్‌లో కూడా ఉండాలి. చరిత్ర వ్యాసాల్లో తార్నాక స్టేట్ ఆర్కైవ్స్ ఫర్మానాలో, మ్యూజియం చిత్రాలో వాడితే వాటికి విడిగా అనుమతి తీసుకుని, బొమ్మ కింద వాటి హక్కు వేరని రాయండి. మీ లైసెన్సు వాటికి వర్తించదు.

గూగుల్ స్కాలర్‌కు ఓజేఎస్ మెటాడేటా దానంతటదే వెళుతుంది. వ్యాసానికి ఒక పేజీ, ఒక పీడీఎఫ్, 5 ఎంబీ లోపు. మొత్తం సంచికను ఒకే పీడీఎఫ్‌గా పెడితే ఏదీ ఎక్కదు.

భద్రపరచడం మరిచిపోకండి. 2000-2019 మధ్య ఇంటర్నెట్ నుంచి పూర్తిగా మాయమైన ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు 170కి పైగా ఉన్నాయని ఒక అధ్యయనంలో తేలింది. ఐఎస్‌ఎస్‌ఎన్ రాగానే ఓజేఎస్‌లో ఓజేఎస్ చేసినవాళ్లదే అయిన పీకేపీ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ ప్లగిన్ ఆన్ చేయండి, ఖర్చు లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా ఒక ప్రతి ఉంచండి.

ఏడాది ఖర్చు ఇలా తేలుతుంది. డొమైన్ వెయ్యి, సర్వర్ సుమారు 8 వేలు, క్రాస్‌రెఫ్ సభ్యత్వం డాలరు 90 రూపాయల లెక్కన 18 నుంచి 25 వేలు, పన్నెండు డీఓఐలకు వెయ్యి చిల్లర. కాపీఎడిటింగ్, పేజీ తయారీకి వ్యాసానికి 3 వేలు ఇచ్చినా 36 వేలు. మొత్తం 65 నుంచి 70 వేలు. తెలుగు ప్రూఫులు బాగా చూసేవాళ్లకు డబ్బు ఇవ్వకుండా ‘సేవ’ అని అడగడం రెండు సంచికల తర్వాత పనిచేయదు. తగ్గించాల్సి వస్తే డీఓఐ తగ్గించండి, ప్రూఫులు కాదు. ఏడుగురు సభ్యులు తలా 10 వేలు వేసుకున్నా ఏడాది గడుస్తుంది. మూడేళ్ల డబ్బు ముందే ఖాతాలో ఉంటే ఇంకా మంచిది. దేశం 2025-27కి ఒన్ నేషన్ ఒన్ సబ్‌స్క్రిప్షన్ కింద విదేశీ జర్నళ్ల చందాలకు 6 వేల కోట్లు కేటాయించింది. అందులోంచి మీలాంటి జర్నల్‌కు వచ్చేదేమీ లేదు, దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి.

ప్రమోషన్లకు లెక్కకొస్తుందా అని రచయితలు అడుగుతారు. ప్రమోషన్లకు పనికొచ్చే జర్నళ్లంటూ యూజీసీ పెట్టిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇప్పుడు జర్నల్ మంచిదా కాదా తేల్చుకోవాల్సింది ఆయా సంస్థలే. సైటులో ‘యూజీసీ అప్రూవ్డ్’ అని గానీ, ఊరూపేరూ లేని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకె గానీ పెట్టకండి. ఆ ముద్రలు చూసే చాలామంది వెనక్కి పోతారు. దానికంటే రివ్యూ ఎన్ని రోజులు పడుతోంది, ఎన్ని వచ్చాయి, ఎన్ని వేశారు అని ఏటా ఒక పేజీలో రాయండి.

డీఓఏజే దరఖాస్తుకు డబ్బు కట్టనక్కర్లేదు. జర్నల్ ఏడాదికి పైగా నడిచి ఉండాలి, లేదా పది పరిశోధన వ్యాసాలు వేసి ఉండాలి. ఆ తర్వాత కూడా ఏటా కనీసం అయిదు వేయాలి. మీ లెక్కన రెండో సంచికతో పన్నెండవుతాయి కాబట్టి అప్పుడు వేయవచ్చు. పంపేముందు సైటును లాగౌట్ అయి, బయటివాళ్ల కళ్లతో చూడండి: రివ్యూ పద్ధతి రాసి ఉందా, వ్యాసానికి ఇద్దరు రివ్యూయర్లని స్పష్టంగా ఉందా, ఎడిటర్లందరి పేరు, సంస్థ ఉన్నాయా, ఫీజు లేదన్న వాక్యం, ప్లేజరిజం విధానం, కాపీరైటు, లైసెన్సు ఒకదానికొకటి సరిపోతున్నాయా. ‘కాపీరైటు జర్నల్‌ది’ అని ఒక పేజీలో, ‘రచయితది’ అని ఇంకో పేజీలో ఉండటం చాలా దరఖాస్తుల్లో కనిపించే లోపం. పాత టెంప్లేటు తెచ్చి అతికిస్తే ఇలాగే అవుతుంది. తిరస్కరిస్తే మళ్లీ వేయడానికి ఆరు నెలలు ఆగాలి, కాబట్టి బోర్డులో లేని ఒకరి చేత ఈ పేజీలన్నీ చదివించాకే పంపండి.